చలికాలం బండి: చలి కన్నా తేమతోనే ఎక్కువ తంటా

చలికాలంలో రెండు చక్రాల బండి మొరాయిస్తే నింద చలి మీద వేసేస్తాం. చాలాసార్లు అసలు దొంగ తేమ. ఇనుముకి చలి వేయదు. ఇంజను సగం వేడెక్కి ఆగిపోవడం, తడి ఆరకుండా కవరు కప్పేయడం, రోడ్డు మీది ఉప్పు కడగకుండా వదిలేయడం, వీటివల్ల జరిగే నష్టమే ఎక్కువ. చలి నేరుగా దెబ్బ కొట్టేది ముఖ్యంగా మూడింటిని: బ్యాటరీ, టైరు రబ్బరు, నడిపే మనిషి వేళ్లు. ఈ తేడా తెలిస్తే ఏ పని ముందు చేయాలో, ఏది నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదో అర్థమవుతుంది.

సెల్ఫ్ కొడితే టక్ టక్ మంటోందా?

లెడ్ యాసిడ్ బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చలికి ఆ చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తా మామూలు రోజుల్లో ఉండేదానిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మైనస్ 18కి వచ్చేసరికి సగానికి అటూ ఇటూగా మిగులుతుంది. సరిగ్గా అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజను బరువుగా తిరుగుతుంది. అంటే రాబడి తగ్గి, ఖర్చు పెరిగింది. ఎండాకాలంలో నెట్టుకొచ్చిన ముసలి బ్యాటరీ చలికాలం మొదటి వారంలోనే చేతులెత్తేసేది ఇందుకే.

కొత్తది కొనే ముందు మల్టీమీటరుతో మూడు కొలతలు తీయండి. మొదటిది, బండి ఆపి రాత్రంతా ఉంచాక, తాళం ఆన్ చేయకుండా. 12.7 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం, 12 కిందకి దిగితే ఖాళీ. రెండోది, సెల్ఫ్ నొక్కి పట్టుకున్నప్పుడు. పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీ కూడా 9.6 కిందకి జారిపోతుంటే దాని పని అయిపోయిందనే లెక్క. మూడోది, ఇంజను 4,000 నుంచి 5,000 ఆర్‌పీఎం మధ్య నడుస్తుండగా. 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13.5 కూడా దాటకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. స్టేటర్ కాయిల్ (ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించేది), రెక్టిఫయర్ (ఆ కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చేది), వాటి మధ్య ఉండే ప్లాస్టిక్ కనెక్టర్ చూడండి. ఆ కనెక్టర్‌లో పిన్నులు కాలి గోధుమ రంగుకి మారి ఉండటం తరచూ కనిపించే విషయమే. 15 దాటిందంటే వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయింది, అలాగే నడిపితే కొత్త బ్యాటరీ కూడా ఉడికిపోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లటి లేదా పచ్చటి పొడి పేరుకుంటే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు బేకింగ్ సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బోల్టు బిగించాక పైన కాస్త వాజిలిన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఇది తారుమారైతే స్పానర్ ఫ్రేముకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

చార్జి పెట్టేటప్పుడు బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు చాలు. 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 0.8 ఆంపియర్లు. కారు చార్జరు 4, 5 ఆంపియర్లు పంపుతుంది, చిన్న బ్యాటరీ దానికి ఉడుకుతుంది. ఖాళీ అయిన బ్యాటరీని చలిలో అలా వదిలేయడం ఇంకో తప్పు. అందులో యాసిడ్ పలచబడి నీళ్లలా అయిపోతుంది కాబట్టి సున్నాకి కొన్ని డిగ్రీలు కిందకి దిగగానే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. నిండుగా ఉన్నది మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు దాన్ని సున్నా కింద చార్జి చేయకూడదు. పొద్దున సెల్ఫ్ కొట్టే ముందు హెడ్‌లైటు ఒక నిమిషం వెలిగించి ఉంచితే అది లోపల కాస్త వేడెక్కి పుంజుకుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర ఈ చిట్కా ప్రయోగించకండి, ఉన్న కరెంటు కూడా పోతుంది.

స్టార్ట్ చేసే తీరు

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే తాళం తిప్పి 2, 3 సెకన్లు ఆగండి. పెట్రోలు పంపు సన్నగా గుయ్‌మని ఆగిపోతుంది. అప్పుడు క్లచ్ పూర్తిగా పట్టి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కండి. న్యూట్రల్‌లో ఉన్నా సరే క్లచ్ పట్టండి. చిక్కటి ఆయిల్లో గేరుబాక్సును తిప్పే భారం మోటారు మీద పడదు. ఒక్కసారికి 5 సెకన్లు మించొద్దు, మళ్లీ నొక్కే ముందు 15 సెకన్లు ఆగాలి. ఆ విరామంలో బ్యాటరీ కాస్త తేరుకుంటుంది, మోటారు చల్లారుతుంది.

కార్బురేటర్ బండికి చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ తిప్పకుండా కొట్టాలి. చాలా కార్బురేటర్లలో చోక్ అంటే అదనపు పెట్రోలు లాగే సన్నటి దారి. అది పనిచేయాలంటే లోపల గాలి పీడనం బాగా తగ్గాలి. యాక్సిలరేటర్ తిప్పితే గాలి తలుపు తెరుచుకుని ఆ లాగుడు పోతుంది. కిక్ ఉన్న బండిని ముందు తాళం ఆన్ చేయకుండానే నాలుగైదు సార్లు నెమ్మదిగా తొక్కితే ఆయిల్ కదులుతుంది, ఆ తర్వాత తాళం ఆన్ చేసి గట్టిగా కొట్టండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ప్లగ్ తడిసిందన్నమాట. చోక్ మూసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. అప్పటికీ కాకపోతే ప్లగ్ విప్పి ఆరబెట్టక తప్పదు.

స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు ఐడిల్లో వదిలేసి లోపలికి వెళ్లి జాకెట్ వేసుకుని రావడం చాలామంది అలవాటు. అది బండికి మంచిది కాదు. ఐడిల్లో ఇంజను చాలా నెమ్మదిగా వేడెక్కుతుంది, చిక్కటి మిశ్రమం వల్ల మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. 30 సెకన్లు, మహా అయితే ఒక నిమిషం. ఐడిల్ నిలకడగా ఉందనిపించగానే బయల్దేరి, మొదటి 5 కిలోమీటర్లు రేస్ చేయకుండా మధ్యస్తంగా నడపండి. చోక్ సగానికి తగ్గించి, ఒకటి రెండు నిమిషాల్లో పూర్తిగా మూసేయండి. డాష్‌బోర్డులో కనిపించేది కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) వేడి. ఆయిల్ వేడెక్కడానికి అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది, కాబట్టి ముల్లు పైకి లేవగానే బండి సిద్ధమైపోయిందనుకోవద్దు.

చాలా గంటలు చలిలో నిలిపిన బండికి మొదటి గేరు వేస్తే క్లచ్ పట్టి ఉన్నా ఒక్కసారిగా ముందుకు దూకి ఆగిపోతుంది. ఆయిల్లో మునిగే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోవడమే కారణం. స్టార్ట్ చేయకముందే గేరులో వేసి, క్లచ్ పట్టి, బండిని ముందుకీ వెనక్కీ రెండు మూడు సార్లు ఊపితే విడిపోతాయి.

నీరు పుట్టేది ఇంజనులోనే

1 లీటరు పెట్రోలు మండితే దాదాపు 1 లీటరు నీరు పుడుతుంది. పెట్రోల్లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అలా మారుతుంది. ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్ నుంచి పోతుంది. పొద్దున పూట తెల్లటి పొగ రావడం, సైలెన్సర్ చివర చుక్కలు కారడం అదే. బండి వేడెక్కాక ఆ పొగ ఆగిపోవాలి. ఆగకుండా వస్తూ, తియ్యటి వాసన ఉండి, కూలెంట్ మట్టం తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజను హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) చూపించుకోవాలి.

మిగిలిన ఆవిరిలో కొంత పిస్టన్ రింగుల పక్కగా జారి కిందికి దిగుతుంది. అక్కడ చల్లటి గోడలకు తగిలి నీరై ఆయిల్లో కలుస్తుంది. ఇంజను 20, 30 నిమిషాలు బాగా వేడిగా నడిస్తే ఆ నీరు మళ్లీ ఆవిరై బ్రీదర్ పైపు గుండా బయటపడుతుంది. రోజుకి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో అది జరగదు. ఆయిల్ పోసే మూత విప్పి దాని లోపలి వైపు చూడండి. లేత పసుపు రంగులో, వేలితో తీస్తే జిగురుగా అంటుకునే నురగ కనిపిస్తే ఇదే జరుగుతోంది. కంగారు పడి ఇంజను విప్పించొద్దు. ఆ మూత ఇంజను పైభాగంలో గాలికి చల్లగా ఉండే చోటు కాబట్టి తేమ ముందుగా అక్కడే చేరుతుంది. మూత తుడిచి, అరగంట పాటు ఆపకుండా నడిపి, మర్నాడు మళ్లీ చూడండి. రాకపోతే సరే. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద, కింది గాజు కిటికీలో కూడా ఆయిల్ అంతా తెల్లబారి ఉంటే, అప్పుడు అది కూలెంట్ లీకు కావచ్చు.

కాబట్టి చలికాలంలో వారానికొక్కసారైనా 30 నిమిషాల ప్రయాణం పెట్టుకోండి. అన్నీ చిన్న చిన్న తిరుగుళ్లే అయితే ఆయిల్ మార్పు కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా లాగకుండా ముందే చేయించండి. గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె చల్లటి స్టార్టు గురించి చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. నీళ్లు గడ్డకట్టేంత చలి లేని చోట మాన్యువల్‌లో రాసిన గ్రేడే చాలు, ఊరికే పలచటి ఆయిల్ వైపు పోనక్కర్లేదు. డబ్బా మీద జాసో (బండ్ల ఆయిల్‌కి జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కొన్ని కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు, వాటితో క్లచ్ జారుతుంది.

నీటితో చల్లబడే ఇంజనులో కేవలం నీళ్లు పోసి నడిపేవాళ్లకు ఒక్క రాత్రి చాలు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి రేడియేటర్‌నీ బ్లాకునీ చీలుస్తుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపితే మైనస్ 35 దాకా భయం లేదు.

కార్బురేటర్ బండికి మాత్రమే వచ్చే ఓ వింత జబ్బు ఉంది. మంచు కురవదు, గడ్డకట్టే చలీ ఉండదు. 5, 10 డిగ్రీల చెమ్మ గాలిలో ఒకే వేగంతో వెళ్తుంటే బండి గుక్కలు పెట్టి ఆగిపోతుంది. పక్కన ఆపి ప్లగ్ విప్పి, పెట్రోలు చూసి, ఏ తప్పూ దొరక్క మళ్లీ కొడితే చక్కగా స్టార్టవుతుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ గొంతు బాగా చల్లబడి, గాలిలోని తేమ అక్కడే మంచుగా పేరుకోవడం దీనికి కారణం. ఆపిన నాలుగైదు నిమిషాల్లో ఇంజను వేడికి ఆ మంచు కరిగిపోతుంది, సాక్ష్యం మాయం! కార్బురేటర్ హీటరు ఉన్న బండ్లలో దాని వైరు ఊడిందేమో చూడాలి. లేని బండిని ఒకే వేగంలో లాగకుండా మధ్య మధ్య యాక్సిలరేటర్ కదిలిస్తూ పోవాలి.

టైర్లు

ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు పడిపోయినప్పుడల్లా టైరులో గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. 30 డిగ్రీల మధ్యాహ్నం 29 పీఎస్‌ఐ పెట్టిన టైరు 8 డిగ్రీల తెల్లవారుజామున 25, 26 దగ్గర చూపిస్తుంది. పంక్చరేమీ కాదు. గాలి ఎప్పుడూ బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిచి, మాన్యువల్‌లో ఉన్న అంకెకే పెట్టండి. చలికాలంలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనే మాట బురదలో నడిచే బండికి పనికొస్తుందేమో గానీ తారు రోడ్డు మీద తప్పు. మెత్తటి టైరు గాడుల్ని దగ్గరకు నొక్కేసి నీటిని బయటికి పోనివ్వదు.

సుమారు 7 డిగ్రీల కింద మామూలు రబ్బరు గట్టిపడుతుంది. మొదటి 10 కిలోమీటర్లు వంపుల్లో బండిని ఎక్కువ వాల్చొద్దు, బ్రేకు గట్టిగా పట్టొద్దు. పాత టైరుకి ఇది మరీ ఎక్కువ. టైరు పక్క గోడ మీద చివర ఉండే నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 3221 అంటే 2021లో 32వ వారం. గాడి లోతు 2 మిల్లీమీటర్లకు వచ్చేసరికి, చట్టం ఇంకా ఒప్పుకున్నా, తడి రోడ్ల కాలానికి కొత్తది వేయించడం మేలు.

ఉప్పు, చైన్, బ్రేకులు

మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లే చోట బండి పాలిట అసలు శత్రువు ఇదే. ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుని తడిగా ఉంటుంది. ఆరిపోయినట్టు కనిపించే బండి మీద కూడా తుప్పు పని సాగుతూనే ఉంటుంది. తిరిగొచ్చిన రోజే చల్లటి నీళ్లతో కడగండి, వేడి నీళ్లతో వద్దు, వేడికి తుప్పు చర్య ఇంకా చురుగ్గా సాగుతుంది. ప్రెషర్ గన్నుతో కాక మామూలు పైపుతో, కింద నుంచి పైకి. మడ్‌గార్డు లోపలి భాగం, సైడ్ స్టాండు స్ప్రింగు, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ వెనక, రేడియేటర్ రెక్కలు, ఫోర్కు గొట్టాల మీద సీళ్ల అంచు. ఈ ఐదు చోట్లా ఉప్పు దాక్కుంటుంది. ప్రెషర్ గన్ను చక్రాల బేరింగు సీళ్లనీ స్టీరింగు బేరింగునీ దాటి నీటిని లోపలికి తోస్తుంది, గ్రీజు పోతుంది.

కడిగాక ఆరబెట్టి, బోల్టుల మీద, ఫ్రేము వెల్డింగుల మీద, ఇంజను కింద తుప్పు నిరోధక స్ప్రే పలచగా కొట్టండి. డిస్కు మీద, ప్యాడ్ల మీద, టైరు మీద ఒక్క తుంపర కూడా పడకూడదు. ముందుగా పాత గుడ్డ కప్పి మొదలెట్టడం తేలిక.

చైన్‌కి తడి రోజుల్లో ప్రతి 300 కిలోమీటర్లకు, లేదా బాగా తడిసిన ప్రతి ప్రయాణం తర్వాత లూబ్ పడాలి. కిరోసిన్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో జిడ్డు తీసి, గుడ్డతో తుడిచి, ఆరాక లూబ్ కొట్టండి. పెట్రోలు, ఇనుప బ్రష్ వాడితే లింకుల మధ్య ఉండే రబ్బరు ఓ-రింగులు పోతాయి, లోపలి గ్రీజు వాటితోపాటే. స్ప్రే చైన్ లోపలి వైపు, అంటే స్ప్రాకెట్ పళ్లకు తగిలే వైపు పడాలి. చక్రం తిరుగుతుంటే లూబ్ తానే బయటికి పాకుతుంది. పని మొత్తం ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ చేయాలి. మొదటి గేరులో వేసి ఐడిల్లో తిప్పుతూ తుడిచేవాళ్లు వేళ్లు పోగొట్టుకుంటారు. రైడ్ నుంచి రాగానే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లూబ్ కొట్టి రాత్రంతా వదిలేస్తే బాగా పడుతుంది. పొద్దున బయల్దేరే ముందు కొడితే సగం వెనక చక్రం మీదికి చిమ్ముతుంది.

బ్రేకు క్యాలిపర్ పిస్టన్ల చుట్టూ ఉప్పు, ప్యాడ్ల పొడి కలిసి పేరుకుంటే పిస్టన్లు వెనక్కి రావు. గుర్తు పట్టడం తేలికే. సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పితే రెండు చుట్లు కూడా తిరక్కుండా ఆగుతుంది, కాసేపు నడిపాక ఆ డిస్కు ఒక్కటే కాలిపోతూ ఉంటుంది. ప్యాడ్లు తీసి, లివరును ఒక్కొక్క నొక్కుగా నొక్కి పిస్టన్ కొన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చాక ఆపండి. సబ్బు నీళ్లతో, టూత్‌బ్రష్‌తో వెనక వైపు కూడా శుభ్రం చేసి, అప్పుడు లోపలికి నెట్టండి. మురికితో అలాగే నెట్టేస్తే సీలు కోసుకుపోతుంది. బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి.

తాళం రంధ్రంలో, యాక్సిలరేటర్ కేబుల్లో చేరిన నీరు గడ్డకడితే? తాళం మీద వేడి నీళ్లు పోయకండి, ఆ నీళ్లే మళ్లీ గడ్డకడతాయి. తాళంచెవిని లైటరుతో కాస్త వేడిచేసి దూర్చండి, లేదా డీ-ఐసర్ (మంచు కరిగించే స్ప్రే) కొట్టండి. చిప్ ఉన్న తాళంచెవికి మాత్రం లైటరు చూపించొద్దు. యాక్సిలరేటర్ తిప్పి వదిలేస్తే టప్‌మని వెనక్కి రావాలి. హ్యాండిల్ కుడికి పూర్తిగా, ఎడమకి పూర్తిగా తిప్పి రెండు చోట్లా చూసుకోండి. నెమ్మదిగా వస్తుంటే ఆ రోజు బండి తీయకూడదు.

మనిషి సంగతి

2001లో అమెరికా, కెనడా తీసుకొచ్చిన విండ్‌చిల్ (గాలి వేగం వల్ల ఒంటికి ఎంత చలిగా తగులుతుందో చెప్పే) సూత్రం ప్రకారం లెక్క వేస్తే, 10 డిగ్రీల గాలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడి ఒంటికి అది 5 డిగ్రీల్లా తగులుతుంది. సున్నా డిగ్రీల్లో 80 వేగమైతే మైనస్ 10లా. ఇది చర్మానికి వర్తించే లెక్క మాత్రమే. గాలి ఎంత కొట్టినా ఇంజను, టైరు బయటి గాలికన్నా చల్లబడవు.

ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు. నూలు చెమటను పట్టుకుని ఆరదు, ఆగగానే వణికిస్తుంది. ఉన్ని గానీ, చెమట లాగే సింథటిక్ గానీ లోపల, దాని మీద ఫ్లీసు, అన్నిటికన్నా పైన గాలి దూరని జాకెట్. ఐదు స్వెట్టర్లు వేసుకున్నా పై పొర గాలిని ఆపకపోతే వృథా. అత్యవసరానికి జాకెట్ లోపల ఛాతీ మీద నాలుగు మడతల వార్తాపత్రిక పెట్టుకునే పాత కిటుకు నేటికీ పనిచేస్తుంది. మెడ చుట్టూ గుడ్డ గొట్టం ఒకటి ఉంటే మిగతా బట్టలన్నిటి పనితనమూ పెరుగుతుంది. మఫ్లర్ మాత్రం వద్దు, కొస ఎగిరి చక్రంలో పడుతుంది.

గ్లవ్స్ బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. బూట్లలో రెండు జతల సాక్సులు ఇరికించినా అదే గతి. హీటెడ్ గ్రిప్పులు అరచేతిని వేడి చేస్తాయి గానీ గాలి కొట్టేది చేతి వెనక వైపు, అందుకని హ్యాండ్ గార్డులు లేనిదే వాటి ప్రయోజనం సగమే. అవి 30 నుంచి 50 వాట్లు తింటాయి. చిన్న బండ్లకు వేసే ముందు, గ్రిప్పులు, హెడ్‌లైటు రెండూ వెలుగుతుండగా బ్యాటరీ వోల్టేజి 13 పైన నిలుస్తోందో లేదో చూడండి. రిలే పెట్టి తాళంతో పాటే ఆగేలా కలపండి.

వేళ్లు మొద్దుబారితే ముందు పోయేది బ్రేకు మీద పట్టు. లివరు మీద ఎంత బలం వేస్తున్నారో తెలియనప్పుడు ఆగి, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబడే దాకా కదలొద్దు. ఆగకుండా వణుకు వస్తుంటే ఆ ప్రయాణానికి అక్కడే విరామం. వణుకు ఆగిపోయి మాట తడబడుతూ, నిద్ర వస్తున్నట్టుంటే అది ఇంకా ప్రమాదం, వెంటనే లోపల వెచ్చటి చోటుకి చేరి వైద్య సాయం తీసుకోవాలి.

హెల్మెట్ వైజర్ మీద ఆవిరికి పిన్‌లాక్ లాంటి రెండో పొరే అసలు మందు. రెండు పొరల మధ్య చిక్కిన గాలి లోపలి అద్దాన్ని చల్లబడనివ్వదు. అది లేకపోతే సబ్బు ముక్కతో లోపలి వైపు సన్నగా గీసి, పొడి గుడ్డతో కనిపించనంత వరకు తుడవండి, ఒకటి రెండు రోజులు ఆగుతుంది. పిన్‌లాక్ పొర మీద సబ్బు, రసాయనాలు ఏవీ పడకూడదు.

రోడ్డు మీద

60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన చోటు నుంచి ఆగడానికి పొడి తారు మీద సుమారు 20 మీటర్లు చాలు. తడి రోడ్డు మీద 30 దాటుతుంది. మంచు పొర మీద 140 మీటర్లు. మనిషి స్పందించే సమయం ఇందులో లేదు. తడిలో ముందు వాహనానికి 4 సెకన్ల దూరం ఉంచాలి. మంచు పొర ఉన్న రోజున అసలు రెండు చక్రాల మీద వెళ్లకపోవడమే పద్ధతి.

తప్పక వెళ్లాల్సి వస్తే ఆ పొర ఎక్కడ ఉంటుందో తెలిసి ఉండాలి. గాలి 3 డిగ్రీలున్నా రోడ్డు సున్నా కింద ఉండొచ్చు. వంతెనలకు కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి. ఆ తర్వాత చెట్ల నీడ, కొండ చాటు. రోడ్డు తడిగా మెరుస్తోంది, అయినా ముందు వాహనం చక్రాల నుంచి నీళ్లు చిమ్మడం లేదు, టైర్ల చప్పుడు కూడా హఠాత్తుగా తగ్గింది అంటే అది నీరు కాదు. అప్పటికే దాని మీదికి వచ్చేస్తే యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, క్లచ్ పట్టి, బ్రేకులు రెండూ ముట్టుకోకుండా, బండి నిటారుగా ఉంచి, చూపు దూరంగా పెట్టండి. కాళ్లు కిందికి దించే కోరిక కలుగుతుంది, దించకండి, బ్యాలెన్సు పోయేది అప్పుడే. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, తడి ఆకుల మీద వంపు తిరగొద్దు. ఒక గేరు పైన నడిపితే వెనక చక్రానికి తోపు సుతిమెత్తగా అందుతుంది. గేరు దించేటప్పుడు క్లచ్ చటుక్కున వదిలితే వెనక చక్రం బ్రేకు వేసినట్టే జారుతుంది.

పొగమంచులో హెడ్‌లైటు డిమ్‌లోనే ఉంచాలి. హైబీమ్ వెలుగు నీటి తుంపర్లకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. ముందు లారీ వెనక లైటు పట్టుకుని పోవడం ధైర్యంగా అనిపిస్తుంది గానీ, వాడు ఆగితే మీకు ఆగే చోటుండదు. రోడ్డు అంచు గీతను చూపుకి ఆధారం చేసుకుని, కనిపించేంత దూరంలో ఆగగల వేగంలోనే నడపండి. ఇక ముందుకు పోలేమనిపిస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపాలి.

రెండు మూడు నెలలు పక్కన పెట్టేస్తే

ముందు ఆయిల్ మార్చండి, తర్వాత కాదు. వాడిన ఆయిల్లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, అవి నెలల తరబడి బేరింగుల మీద కూర్చోకూడదు. మార్చాక కాసేపు నడపండి. ఇనుప ట్యాంకైతే పెట్రోలు మెడ దాకా నింపండి, ఖాళీ జాగా లేకపోతే తేమ చేరి తుప్పు పట్టదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది కాబట్టి స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా కలిపే ద్రవం) దాని డబ్బా మీద చెప్పిన కొలతలో కలిపి, పది నిమిషాలు ఇంజను నడిపితే అది ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. కార్బురేటర్ ఉంటే పెట్రోలు కాక్ మూసి, గిన్నె కింది స్క్రూ వదులు చేసి అందులోదంతా ఒంపేయాలి. చల్లారిన ఇంజను దగ్గర, నిప్పుకి దూరంగా. లేదంటే అది ఎండి జిగురై జెట్లు మూసుకుపోతాయి.

బ్యాటరీ విప్పి నెలకోసారి చార్జి చేయండి, లేదా తానే ఆగే మెయింటెనెన్స్ చార్జరుకి కలిపి వదిలేయండి. స్టాండు మీద రెండు చక్రాలూ గాలిలో ఉంటే సరే, లేకపోతే గాలి 3, 4 పీఎస్‌ఐ ఎక్కువ పెట్టి, రెండు వారాలకోసారి బండిని కాస్త జరపండి. కవరు గాలి ఆడే గుడ్డది అయి ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కింద పొద్దుటి తేమ అంతా చిక్కుకుని, బండి రోజూ ఆవిరి స్నానం చేస్తుంది.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయమనే సలహా అందరూ ఇస్తారు. వినకండి. ఆ ఐదు నిమిషాల్లో సెల్ఫ్ వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి రాదు. పుట్టిన నీరు ఆవిరై పోయేంత వేడీ రాదు, అదంతా సైలెన్సర్‌లో, ఆయిల్లో మిగిలిపోతుంది. అరగంట నడిపే వీలుంటే తీయండి, లేకపోతే అసలు ముట్టుకోవద్దు.

సైలెన్సర్ చల్లారాక దాని మూతి, గాలి వెళ్లే గొట్టం ఎలుకలు దూరకుండా గుడ్డతో మూసి, ఆ సంగతి ఒక చీటీ మీద రాసి తాళంచెవికి కట్టండి. మళ్లీ తీసే రోజున ముందు ఆ గుడ్డలు తీసి, గాలి, బ్రేకు ఆయిల్ మట్టం, చైన్ బిగువు, లైట్లు చూసుకుని, మొదటి వంద మీటర్లు నడక వేగంలో వెళ్తూ రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు పట్టి డిస్కు మీది తుప్పు పొర గీకేయండి. గరగరమనే చప్పుడు ఆగిపోయాకే రోడ్డెక్కండి.